తొమ్మిది సంపుటాల్లో ఒకటి

నాజీలు పుస్తకాలు తగలబెట్టారని అందరికీ తెలుసు. 1933 మే 10 రాత్రి బెర్లిన్‌లో ఒపెరా హౌస్ ముందు విద్యార్థులు వేసిన ఆ మంట ఫొటో చూడనివాళ్ళు తక్కువ. దాంతో మన మనసుల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నాజీలకు పుస్తకమంటే గిట్టదు, కనబడితే కాల్చేస్తారు, అంతే అని. కానీ వాళ్ళు కాల్చడంతో ఆగలేదు, లక్షలకు లక్షలు పోగేసుకున్నారు కూడా. యూదుల ఇళ్ళనుంచి, వాళ్ళ ప్రార్థనా మందిరాలైన సినగాగ్‌లనుంచి, బడులనుంచి లారీలకెత్తి, రైలుపెట్టెలకెత్తి తరలించారు. నంబర్లు వేశారు, కార్డులు రాశారు, బీరువాల్లో సర్దారు. కాలిపోయిన పుస్తకాన్ని ఎవరూ వెనక్కి అడగలేరు. సర్దిపెట్టిన పుస్తకాన్ని అడగొచ్చు.

ఆ అడగటం గురించే ఈ వ్యాసం. అసలు అడిగే భారం ఎవరిమీద ఉండాలన్నదే నా గొడవ. జర్మనీ, ఆస్ట్రియా లైబ్రరీల అరల్లో ఇప్పటికీ యూదు కుటుంబాల పుస్తకాలు ఉన్నాయి. సొంతదారులు వచ్చి తలుపు కొట్టేదాకా లైబ్రరీలు కూర్చోకూడదు, ఆ కుటుంబాన్ని అవే వెతుక్కుంటూ వెళ్ళాలి అంటాను. ఆ పుస్తకం బజార్లో పాతిక యూరోలు పలకకపోయినా సరే. పాతిక యూరోలు పలకని పుస్తకమైతే మరీ వెళ్ళాలి. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఒక పుస్తకం గురించి చెప్పాలి.

న్యూజెర్సీలో మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, చిన్నపిల్లగా ఉన్నప్పుడే అమ్మానాన్నలతో దేశం దాటి వచ్చి, న్యూయార్క్ వాషింగ్టన్ హైట్స్‌లో పెరిగారు. ఆ రోజుల్లో ఆ పేటలో జర్మన్ యూదులు ఎంతమంది ఉండేవారంటే, జనం దాన్ని హడ్సన్ ఒడ్డు ఫ్రాంక్‌ఫర్ట్ అని పిలిచేవారు. ఆవిడ ఇప్పుడు లేరు. పుస్తకం వాళ్ళబ్బాయి దగ్గర ఉంది. ఆయన సరేనన్నాకే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

అది రోడెల్‌హైమ్ అచ్చు. తెలియనివాళ్ళకి ఆ పేరు ఏమీ చెప్పదు గానీ, జర్మన్ యూదుల ఇళ్ళల్లో రోడెల్‌హైమ్ అంటే ప్రార్థన పుస్తకమనే. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న చిన్న ఊరు అది, 1910లో నగరంలో కలిసిపోయింది. అక్కడ వోల్ఫ్ హైడెన్‌హైమ్ అనే వ్యాకరణ పండితుడు ముద్రణాలయం నడిపాడు. అప్పటిదాకా తప్పులతడకగా అచ్చవుతున్న పండుగ ప్రార్థనల్ని పాత రాతప్రతులతో పోల్చి సరిచేసి, 1800 నుంచి వరసగా తొమ్మిది సంపుటాలు తెచ్చాడు. రోష్ హషానాకి, యోమ్ కిప్పూర్‌కి, సుక్కోత్‌కి, పెసాక్‌కి, షవువోత్‌కి, ఏ పండుగ పుస్తకం ఆ పండుగకే. ఆయన 1832లో పోయినా ముద్రణ ఆగలేదు, ఆ శతాబ్దమంతా మళ్ళీమళ్ళీ వేస్తూనే ఉన్నారు. పట్నంలో బట్టల కొట్టు నడిపేవాళ్ళకీ, పల్లెలో పశువుల బేరం చేసేవాళ్ళకీ అందే ధర. పెళ్ళికూతురికి కానుకగా ఇచ్చేవారు. అంటే ఇది మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టే అపురూపమైన వస్తువు ఎంతమాత్రం కాదు. అలాంటివి వేలకు వేలు అచ్చయ్యాయి.

ఆవిడ దగ్గరున్నది యోమ్ కిప్పూర్ సంపుటం, ఉపవాసం రోజున చదివేది. చేతిలో ఇమిడే సైజు. నల్ల అట్ట, వీపు చినిగితే గుడ్డముక్క అతికించి కుట్టారు. పేజీ తిప్పే మూలల్లో బొటనవేలు ఆనేచోట కాగితం గోధుమరంగుకి తిరిగి, గుడ్డలా మెత్తబడిపోయింది. నాలుగైదు పేజీలమీద కొవ్వొత్తి మైనం చుక్కలు. ఆవిడ దాన్ని కుడివైపునుంచి తెరిచి, ముందు అట్ట లోపలి భాగం చూపించారు. అక్కడ రాతలు. ఆవిడ తాతగారి తాతగారి దగ్గర మొదలై, పుట్టినవాళ్ళ పేర్లు, హీబ్రూ తేదీ, పక్కన మామూలు తేదీ. మొదటి రాతలు సన్నటి పాత జర్మన్ లిపిలో, సిరా ఎర్రబారిపోయి ఉన్నాయి. తర్వాతవి నల్లసిరా. ఆవిడ పుట్టిన రోజు వాళ్ళ నాన్నగారి చేతిరాతలో ఉంది. మా నాయనమ్మ ఇంట్లో రామాయణం లోపలి అట్టమీద పిల్లలు పుట్టిన తిథి, నక్షత్రం, ఘడియలు రాసి ఉండేవి. అందుకే కాబోలు, ఆ పేజీ నాకు ఎవరూ వివరించకుండానే అర్థమైంది.

ఆ వరసలో చివరినుంచి మూడో పేరు ఆవిడ నాయనమ్మది. పుట్టినప్పుడు రాసిన తేదీ కాక, తర్వాతెప్పుడో పక్కన బాల్‌పెన్నుతో 1942 అని మాత్రం చేర్చారు. నెల లేదు, రోజు లేదు. దాని సంగతి ముందు ముందు చెప్తాను.

ఇంతకీ ఆ కుటుంబం బయటపడిన తీరు. శరణార్థుల కథలు మనకి సాధారణంగా రెండు ముక్కల్లో చెప్తారు. అక్కడ సర్వం పోగొట్టుకున్నారు, ఇక్కడ కష్టపడి పైకొచ్చారు అని. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మధ్యలో జరిగింది కాగితాల పని. పోగొట్టుకోవడం ఒక్క రాత్రిలో జరగలేదు. ఫారం వెంట ఫారం, రసీదు వెంట రసీదు, ఆఫీసు వెంట ఆఫీసు, చట్టం ప్రకారం పద్ధతిగా వలిచారు.

1938 నవంబరులో నాజీలు సినగాగ్‌లు తగలబెట్టి, యూదుల కొట్లూ ఇళ్ళూ పగలగొట్టిన తర్వాత దేశమంతటా దాదాపు 30,000 మంది యూదు మగవాళ్ళని పట్టుకుపోయారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుకున్నవాళ్ళని ముందు ఫెస్ట్‌హాలె అనే పెద్ద హాల్లో కూడేశారు. ఏటా ప్రపంచ ప్రసిద్ధమైన పుస్తకాల సంత జరిగే ప్రదర్శన మైదానంలోనే ఉంటుంది ఆ హాలు. ఆవిడ నాన్నగారు అక్కడినుంచి బూఖెన్‌వాల్డ్ క్యాంపుకి వెళ్ళారు. దేశం వదిలి వెళ్తామని కాగితాలు చూపిస్తే వదిలేస్తామన్నారు. అయితే వెళ్ళడం ఎక్కడికి? అంతకు నాలుగు నెలల ముందే, 1938 జులైలో, ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు ఈ శరణార్థుల గురించి కూర్చుని సానుభూతి తెలిపి, దాదాపుగా ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుని వెళ్ళిపోయాయి. అమెరికాకి జర్మనీ, ఆస్ట్రియా కలిపి ఏడాదికి 27,370 మంది కోటా. 1939 మధ్యకి వచ్చేసరికి ఆ కొద్ది చోట్ల కోసం మూడు లక్షలమందికి పైగా దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు స్టట్‌గార్ట్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో నంబరు వేయించుకుని, ఆ నంబరు వచ్చేదాకా ప్రాణాలు బిగబట్టుకోవాలి.

ఈ కుటుంబాన్ని ఒడ్డున పడేసింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బ్రిటిష్ కాన్సుల్ జనరల్ రాబర్ట్ స్మాల్‌బోన్స్ పెట్టించిన ఏర్పాటు. అమెరికా నంబరు చేతిలో ఉండి వంతు కోసం చూస్తున్నవాళ్ళు ఆ వంతు వచ్చేదాకా ఇంగ్లండ్‌లో తలదాచుకోవచ్చని ఆయన లండన్‌ని ఒప్పించాడు. తర్వాత ఆయనా, ఆయన సహోద్యోగి ఆర్థర్ డౌడెనూ రాత్రింబవళ్ళు కూర్చుని వేలమందికి వీసాలు రాశారు. క్యాంపుల్లో ఉన్న భర్తల కోసం ఆడవాళ్ళు కాన్సులేట్ గుమ్మంలో బారులు తీరి నిలబడేవారు. ఆవిడ అమ్మగారు ఆ బారులో నిలబడిన మనిషి. నాన్నగారు గుండు గీసిన తలతో ఇంటికొచ్చిన రోజు తనకి గుర్తుందని, ఎవరో తెలియక తలుపు వెనక దాక్కున్నానని ఆవిడ ఒకసారి చెప్పారు.

వీసా దొరికినంత మాత్రాన అయిపోలేదు. 1938 నవంబరు తర్వాత యూదులమీద 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. పగలగొట్టినవాళ్ళు వాళ్ళు, జరిమానా పగిలినవాళ్ళకి. 5,000 మార్కులకు మించి ఆస్తి ఉన్న ప్రతివాళ్ళూ ముందు ఐదో వంతు, తర్వాత నాలుగో వంతు కట్టాల్సొచ్చింది. దేశం వదిలేవాళ్ళ పన్ను అని 1931లోనే ఒకటి పుట్టింది, హిట్లర్ రాకముందు, సంపన్నులు డబ్బు తరలించకుండా. నాజీలు దాని పరిధిని విస్తరించి యూదుల మెడకు తగిలించారు. మిగిలిన డబ్బు విదేశీ మారకంలోకి మార్చుకోవాలంటే 1938 మధ్యనుంచి నూటికి తొంభై కోత. యుద్ధం మొదలయ్యాక నూటికి తొంభై ఆరు. సరిహద్దు దాటేటప్పుడు మనిషి జేబులో 10 మార్కులు ఉండొచ్చు.

1939 ఫిబ్రవరి 21న మరో ఉత్తర్వు వచ్చింది. బంగారం, వెండి, రత్నాలు అన్నీ ప్రభుత్వ తాకట్టు కార్యాలయాల్లో అప్పగించాలి. పెళ్ళి ఉంగరం ఉంచుకోవచ్చు, చేతి గడియారం ఉంచుకోవచ్చు, తినడానికి మనిషికి రెండు జతల కత్తీ చెంచాలు ఉంచుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం వెలిగించే వెండి దీపస్తంభాలు, ద్రాక్షరసం పోసుకునే వెండి గిన్నె, ఇవన్నీ తూకానికి వెళ్ళిపోయాయి. పనితనాన్ని ఎవరు చూస్తారు, తూకమే లెక్క.

అప్పుడు సామాన్ల జాబితా. ఇంట్లోంచి బయటికెళ్ళే ప్రతి వస్తువూ టైపు కొట్టించి ఇవ్వాలి. 1933కి ముందు కొన్నవి వేరుగా, తర్వాత కొన్నవి వేరుగా, ప్రయాణం కోసం కొత్తగా కొన్నవి వేరుగా. కొత్తగా కొన్నవాటికి వాటి ధర అంత పన్ను మళ్ళీ కట్టాలి. కస్టమ్స్ అధికారి ఎదురుగా కూర్చుంటే సర్దాలి. ఫ్రాంక్‌ఫర్ట్ విదేశీ మారక కార్యాలయం ఫైళ్ళు చాలావరకు వీస్‌బాడెన్‌లోని హెస్సె రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆవిడ కొడుకు తెప్పించుకున్న నకలు నేను చూశాను. దిండు గలీబులు ఆరు. కాఫీ మర ఒకటి. పిల్ల మంచం ఒకటి, తెల్ల రంగు. ఆ తర్వాత వరసలో ప్రార్థన పుస్తకాలు, పాతవి, 9. ఆ తొమ్మిదిని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన 8 అని వేశారు.

ఆ పెన్సిల్ గీతే ఈ కథకి ఆయువుపట్టు. సామాన్లన్నీ లిఫ్ట్ అనే పెద్ద చెక్కపెట్టెలో సీలు వేసి హాంబర్గ్ రేవుకి పంపించారు, అమెరికా వీసా వచ్చాక ఓడ ఎక్కించేట్టు. ప్రయాణం 1939 ఆగస్టులో. సెప్టెంబరులో యోమ్ కిప్పూర్. పెట్టె అప్పటికి చేరదు. పైగా పేర్లన్నీ రాసి ఉన్నది ఆ సంపుటంలోనే. అందుకని అమ్మగారు దాన్ని మాత్రం పక్కకి తీసి చేతిసంచిలో పెట్టుకున్నారు. కస్టమ్స్ అధికారి ఒకసారి పేజీలు తిరగేసి, మధ్యలో నోట్లు దాచలేదని చూసుకుని, విలువ లేనిదని వదిలేశాడట. వెండి దీపాలు విలువైనవి కాబట్టి పోయాయి. పుస్తకానికి విలువ లేదు కాబట్టి మిగిలింది.

సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది. ఓడలు ఆగిపోయాయి. హాంబర్గ్ రేవులో వేలకొద్దీ పెట్టెలు సొంతదారుల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. 1941 మొదట్లోనే నాజీ రహస్య పోలీసు గెస్టపో వాటిని జప్తు చేసి వేలానికి పెట్టించింది. హాంబర్గ్ జనం వచ్చి పాడుకున్నారు. బాంబుల్లో ఇల్లు పోయినవాళ్ళు, దుకాణాలవాళ్ళు, మ్యూజియంలవాళ్ళు, మామూలు గృహిణులు. ఆ ఏడాది నవంబరు 25న వచ్చిన ఉత్తర్వుతో విదేశాల్లో ఉన్న జర్మన్ యూదుల పౌరసత్వం, మిగిలిన ఆస్తి మొత్తం రద్దయ్యాయి. డబ్బంతా ప్రభుత్వ ఖజానాకి చేరింది. ఈ కుటుంబం పెట్టె తాలూకు కాగితంలో మంచాలు, పరుపులు, గిన్నెలు ఉన్నాయి. పుస్తకాల ఊసే లేదు.

నాయనమ్మకి వీసా రాలేదు. వయసు మీద పడినవాళ్ళకి పూచీ ఉండే చుట్టాలు దొరకడం కష్టం. 1942 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఫ్రాంక్‌ఫర్ట్ వృద్ధాశ్రమాల్లోని యూదుల్ని, మిగిలిన ముసలివాళ్ళని పెద్ద రైళ్ళలో తెరెజీన్‌స్టాట్ అనే నాజీ నిర్బంధ శిబిరానికి తరలించారు. అందులో ఆ నాయనమ్మా ఉన్నారు. ఏ రోజున పోయారో ఇంట్లోవాళ్ళకి చాలా ఏళ్ళు తెలియలేదు. యూదులు చనిపోయిన తిథినాడు దీపం పెట్టి కద్దీష్ అనే ప్రార్థన చదువుతారు. తిథి తెలియనివాళ్ళ కోసం ఇజ్రాయెల్‌లో రబ్బీలు తెవెత్ నెల పదో రోజు అని ఒక రోజు నిర్ణయించారు. వీళ్ళింట్లోనూ ఆ రోజే దీపం పెట్టేవారట. అట్టమీద బాల్‌పెన్నుతో ఉన్నది అందుకే, 1942 అని ఒక్కటే.

సరే, ఇప్పుడు నా వాదనకి వస్తాను. ఎనిమిది సంపుటాలు ఏమయ్యాయి? కొన్ని చిత్తుకాగితాల కింద పోయి ఉండొచ్చు. కొన్ని పాత పుస్తకాల షాపుకి, అక్కడినుంచి ఏదో లైబ్రరీకి చేరి ఉండొచ్చు. ఇది నా ఊహ కాదు, ఇలా చేరినవి చేతులారా పట్టుకున్న లైబ్రరీలు ఉన్నాయి. బెర్లిన్ నగర లైబ్రరీ 1943లో అక్కడి ప్రభుత్వ తాకట్టు కార్యాలయం దగ్గర 40,000కు పైగా పుస్తకాలు కొంది. అవన్నీ రైళ్ళెక్కించి పంపేసిన యూదుల ఇళ్ళల్లోంచి తెచ్చినవి. 1939లో బెర్లిన్ యూదులు వెండి అప్పగించిన కార్యాలయం కూడా అదే. ఆ పుస్తకాల కోసం లైబ్రరీ వేరే రిజిస్టరు పెట్టింది, దానిమీద యూదులవని తెలిసేలా J అనే అక్షరం వేసింది. ఎక్కడినుంచి వచ్చాయో తెలియక పెట్టలేదు, తెలిసే పెట్టింది. యుద్ధం అయిపోయాక కూడా మిగిలినవాటికి ఏళ్ళ తరబడి నంబర్లు వేసి అరల్లోకి ఎక్కిస్తూనే ఉన్నారు. పేర్లున్న పేజీలు కొన్నిట్లో చించేశారు, కొన్నిట్లో ముద్రలు గీకేశారు.

అదే లైబ్రరీ ఈ శతాబ్దంలో తన తప్పు ఒప్పుకుని, ఒక్కో పుస్తకాన్నీ తీసి ముందు పేజీలు చూడటం మొదలెట్టింది. అలా బయటపడిన వాటిలో ఒక పిల్లల పుస్తకం ఉంది. 1937 హనుక్కా పండుగకి ఒక టీచరు ఒక చిన్న కుర్రాడికి సంతకం చేసి ఇచ్చినది. ఆ కుర్రాడు బతికి ఉన్నాడని, ముసలివాడై కాలిఫోర్నియాలో ఉన్నాడని తేలింది. బెర్లిన్‌నుంచి రిగాకి తరలించిన పిల్లవాడు, బెర్గెన్-బెల్సెన్ క్యాంపు దాటి బతికినవాడు. చిన్నప్పటి వస్తువు ఏదీ మిగలని మనిషికి ఆ పుస్తకం చేరింది. లైబ్రరీవాళ్ళు పుస్తకాలు తెరిచి ఆ పేరు బయటపెట్టకపోతే ఆయన ఎప్పటికీ అడిగి ఉండేవాడు కాదు. తన పుస్తకం బెర్లిన్‌లో ఒక అరలో ఉందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

అడిగినవాళ్ళకే ఇస్తాం అనే పద్ధతిలో ఉన్న అన్యాయం ఇదే. 1998 డిసెంబరులో వాషింగ్టన్‌లో 44 దేశాలు కూడి, నాజీలు దోచిన కళాఖండాల విషయంలో న్యాయమైన పరిష్కారం వెతకాలని సూత్రాలు రాసుకున్నాయి. మరుసటి ఏడాది జర్మనీలో కేంద్ర, రాష్ట్ర, నగర ప్రభుత్వాలు కలిసి తమ సంస్థలకి దాన్ని అన్వయించుకున్నాయి. కానీ అవి చట్టాలు కావు. చట్టం చూస్తే జర్మనీలో సొత్తు తిరిగి ఇమ్మనే హక్కు 30 ఏళ్ళతో కాలం చెల్లుతుంది. ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్న వాటికి ఆ సూత్రాలు కూడా వర్తించవు. పెద్ద చిత్రకారుల పెయింటింగ్‌లైతే లాయర్లు వస్తారు, పత్రికలు వస్తాయి, కోట్లలో బేరాలు నడుస్తాయి. పాత ప్రార్థన పుస్తకానికి లాయరు ఎవరు వస్తారు?

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటలు నేను కొట్టిపారెయ్యను. ఒక్కో పుస్తకం వెనక వారసుణ్ణి పట్టుకోవడానికి అయ్యే ఖర్చు పుస్తకం ధరకి వంద రెట్లు ఉంటుందంటారు. నిజమే. కానీ 1939లో ఆ కస్టమ్స్ అధికారి వాడిన కొలబద్దే కదా ఇది, బజారు ధర? అప్పుడు ఆ కొలత పుణ్యమా అని పుస్తకం బయటపడింది. ఇప్పుడు అదే కొలత దాన్ని అరలో బందీగా ఉంచుతోంది. దోచుకునేటప్పుడు ఖర్చు లెక్క చూసుకోలేదు. వేల గుమాస్తాలు, లక్షల ఫారాలు, రైళ్ళు, గోడౌన్లు అన్నీ పెట్టి దోచారు. తిరిగివ్వడానికి మాత్రం ఖర్చు గుర్తుకొస్తే ఎలా?

1950ల్లో పశ్చిమ జర్మనీ నష్టపరిహారం ఇచ్చేసింది కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఇచ్చింది. ఈ కుటుంబమూ తీసుకుంది. ఆవిడ నాన్నగారి దరఖాస్తులో పెట్టె మొత్తానికి ఇంటి సామాను అని ఒకే మొత్తం. కాఫీ మరకి, తెల్లరంగు పిల్ల మంచానికి అది సరిపోవచ్చు. పరిహారం పోయిన వస్తువుకి ఇస్తారు. దొరికిన వస్తువుని దొరికాక కూడా ఉంచుకోవడానికి అది రసీదు కాకూడదు.

లైబ్రరీలో ఉంటే భద్రంగా ఉంటుంది, పరిశోధకులకి పనికొస్తుంది, హీబ్రూ రాని మనవళ్ళ దగ్గరికి పోతే అటకెక్కుతుంది అనే మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. రోడెల్‌హైమ్ అచ్చులు లైబ్రరీల్లో కావలసినన్ని ఉన్నాయి, స్కాన్ చేసినవి ఆన్‌లైన్లో కూడా దొరుకుతాయి. పరిశోధకుడికి అచ్చు కావాలి. కుటుంబానికి కావలసింది అట్ట లోపలి రాత. అది ఇంకెక్కడా లేదు. పుట్టిన రిజిస్టర్లు కొన్నిచోట్ల బాంబుల్లో పోయాయి, మనుషులు క్యాంపుల్లో పోయారు, నాయనమ్మ చేతిరాత అంటే ఎలా ఉంటుందో చెప్పే కాగితం ఆ ఒక్క పుస్తకమే. మా ఎదురింటావిడకి హీబ్రూ కూడబలుక్కుని చదవడమే వచ్చు. అయినా ఏటా ఉపవాసం రోజున ఆ పుస్తకమే పట్టుకుని సినగాగ్‌కి వెళ్ళేవారు. పక్కన కొత్త అచ్చు ఉన్నా ఇదే తెరిచేవారు. అటకెక్కించుకోవడం కూడా ఆ కుటుంబం హక్కే అనుకోండి.

యుద్ధం అయిన వెంటనే వెతికినవాళ్ళని నేను తప్పుపట్టను. ఓఫెన్‌బాఖ్‌లో మైన్ నది ఒడ్డున, ఐ.జి. ఫార్బెన్ కంపెనీ భవనంలో అమెరికన్ సైన్యం 1946 మార్చిలో పుస్తకాల డిపో తెరిచింది. సేమోర్ పొమ్రెంజ్, ఆయన తర్వాత ఐజాక్ బెన్‌కోవిట్జ్ దాన్ని నడిపారు. హీబ్రూ అక్షరం తెలియని జర్మన్ కూలీలు పనివాళ్ళు. అందుకని పుస్తకాల్లోని ముద్రలన్నీ ఫొటోలు తీయించి, ఒక్కో మనిషికి కొన్ని ముద్రల ఆకారాలు గుర్తుపెట్టుకోమని అప్పజెప్పి, వాటిని బట్టి దేశాలవారీగా వేరు చేయించారు. మూడేళ్ళలో 30 లక్షలకు పైగా పుస్తకాలు, కాగితాలు, ఇతర వస్తువులు దాటించారు. సొంతదారులు తేలని ఐదు లక్షల పుస్తకాల్ని యూదు సంస్థలు ఇజ్రాయెల్, అమెరికా, ఇతర దేశాల లైబ్రరీలకి పంచాయి. ఆ పనిలో సాలో బారన్, గెర్షోమ్ షోలెమ్, హానా ఆరెంట్ లాంటి పేరున్న యూదు మేధావులు తిరిగారు. చేతిలో కంప్యూటర్ లేదు, సగంమంది బతికున్నారో లేదో తెలియదు. అప్పుడు సంస్థల పుస్తకాలు సంస్థలకి చేర్చడమే గొప్ప.

ఇప్పుడు ఆ సాకు లేదు. జెరూసలేంలోని స్మారక సంస్థ యాద్ వషెమ్ సేకరించిన, నాజీలు చంపిన యూదుల పేర్ల జాబితా ఆన్‌లైన్లో ఉంది. జర్మనీలో బాద్ ఆరోల్సెన్‌లోని నాజీ బాధితుల ఆర్కైవ్‌లో కోట్ల కాగితాలు ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. ఆ ఆరోల్సెన్ వాళ్ళే ఇంకో పని చేస్తున్నారు, అది లైబ్రరీలన్నీ చూసి నేర్చుకోవాల్సింది. క్యాంపుల్లో ఖైదీల దగ్గర లాక్కున్న గడియారాలు, పర్సులు, ఫొటోలు, ఉంగరాలు వాళ్ళ దగ్గర కవర్లలో ఉండేవి. ఎవరైనా వస్తే ఇద్దామని దశాబ్దాలు ఎదురుచూశారు. 2016లో పద్ధతి మార్చి, ఆయా దేశాల్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ సాయంతో కుటుంబాల్ని తామే వెతకడం మొదలెట్టారు. వందలకొద్దీ ఇళ్ళకి చేర్చారు. ఆ గడియారాలు చాలావరకు నడవవు. ఎవరూ వాటి ధర అడగలేదు.

పుస్తకాల విషయంలోనూ దారి పడింది. బెర్లిన్ లైబ్రరీలు మరికొన్ని సంస్థలతో కలిసి, దోచిన పుస్తకాల్లోని సంతకాలు, ముద్రలు, సొంతదారు పేరుతో అతికించే బుక్‌ప్లేట్‌లు స్కాన్ చేసి లూటెడ్ కల్చరల్ అసెట్స్ అనే డేటాబేస్‌లో అందరికీ కనబడేలా పెట్టాయి. బ్రెమర్‌హాఫెన్‌లోని జర్మన్ సముద్రయాన మ్యూజియం, రేవుల్లో చిక్కుకున్న ఆ లిఫ్ట్ పెట్టెల కోసం లాస్ట్‌లిఫ్ట్ అని ఇంకో డేటాబేస్ కట్టింది. ఏ కుటుంబం పెట్టె, ఎవరు తరలించారు, ఎవరు వేలం వేశారు అన్న వివరాలు కాగితం కాగితం జతచేస్తున్నారు. ఈ పని ఇప్పటికీ ఎక్కువగా నడిచేది రెండేళ్ళో మూడేళ్ళో ఉండే ప్రాజెక్టు డబ్బుమీద, కాంట్రాక్టు ఉద్యోగులమీద. డబ్బు ఆగితే వెతకడం ఆగుతుంది. లైబ్రరీలో కేటలాగు చేసేవాళ్ళకి పర్మనెంట్ ఉద్యోగం ఉన్నట్టే దీనికీ ఉండాలి. నేను గట్టిగా అడిగేది ముందు ఇది.

రెండోది మనవాళ్ళని. జర్మనీలో ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. యూనివర్సిటీ లైబ్రరీల్లో పార్ట్‌టైమ్ పని చేసేవాళ్ళున్నారు. ఆదివారం సంతల్లో పాత పుస్తకాలు ఒకటి రెండు యూరోలకి కొనుక్కునేవాళ్ళున్నారు. 1945కి ముందు అచ్చయిన పుస్తకం చేతికొస్తే ముందు అట్ట, వెనక అట్ట తెరిచి చూడండి. పేరు, ఊరు, అంకితం, గీకేసిన ముద్ర, చించిన పేజీ మొదలు ఏది కనబడినా ఫొటో తీసి, ఆ పేరు లూటెడ్ కల్చరల్ అసెట్స్ డేటాబేస్‌లో కొట్టి చూడండి. లైబ్రరీదైతే అక్కడ ఈ పని చూసేవాళ్ళకి ఒక మెయిల్ పెట్టండి, పెద్ద లైబ్రరీల్లో చాలాచోట్ల అలాంటివాళ్ళు ఒకరు ఉంటారు. జర్మన్ బాగా రాకపోయినా పేరు చదవడానికి అడ్డు కాదు.

మా ఎదురింటావిడ కొడుకు పెట్టె వివరాలు, జాబితా నకలు, అట్టమీది చేతిరాతల ఫొటోలు బ్రెమర్‌హాఫెన్‌కి పంపారు. మిగతా సంపుటాల్లో పేర్ల వరస ఉండదు గానీ, ప్రతి దాని మొదటి పేజీ మీద పైన ఎడమమూల ముత్తాత సంతకం ఉండాలని ఆవిడ చెప్పేవారు. చేతిలో ఉన్నదాంట్లోనూ ఆ మూల ఆ సంతకం ఉంది, కింద చిన్న అడ్డగీతతో. ఎనిమిది పుస్తకాలు, నల్ల అట్టలు, రోడెల్‌హైమ్ అచ్చు. ఆయన ఇంకా జవాబు కోసం చూస్తున్నారు.